వీరగల్లుకు ఎక్కని మనిషి

కార్తీకమాసం అమావాస్యకు కారెంపూడిలో వీరుల ఉత్సవం మొదలవుతుంది. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని అయిదు రోజులు జరుగుతుంది. ఊరూరి నుంచి కొణతాలు మోసుకుని వీరాచారవంతులు నాగులేటి ఒడ్డుకు చేరతారు. పన్నెండో శతాబ్దిలో జరిగిన ఒక దాయాదుల యుద్ధాన్ని యీ నేల యిప్పటికీ మరిచిపోలేదు. చనిపోయినవాడికి గుడి కట్టింది, శిల నిలబెట్టింది, పేరుపేరునా పాట కట్టింది.

ఆ గుడి ముందు నిలబడ్డప్పుడల్లా నాకొక ప్రశ్న తడుతుంది. చనిపోయినవాడి సంగతి సరే, యుద్ధం నుంచి బతికి వచ్చినవాడి సంగతేమిటి? పల్నాటి కథలో బతికి మిగిలినవాళ్లలో ముఖ్యుడు బ్రహ్మనాయుడు. కొడుకును, బంధువులను, తనను నమ్మి వచ్చినవాళ్లను పోగొట్టుకున్న ఆ మనిషికి జనశ్రుతి చూపిన చోటు గుత్తికొండ బిలం. ఆయన అందులోకి నడిచి వెళ్లిపోయాడని చెబుతారు. లోపల ఆయన ఏమయ్యాడో, రాత్రిళ్లు నిద్ర పట్టిందో లేదో ఎవరూ పాడలేదు. చచ్చినవాడి దుఃఖాన్ని ఊరంతా మోస్తుంది. బతికినవాడి దుఃఖం చీకటి గుహలోకి పోతుంది.

ఇది పురాణకాలం ముచ్చట అని కొట్టిపారేయడానికి వీల్లేదు. ఇలాంటి గుహ ఒకటి మా ఇంట్లోనే ఉండేది.

1987లో నాకు ఏడేళ్లు. గురజాల వైపు మెట్ట ఊరు మాది. గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తిచేలను ఆ కాలంలో తెల్లదోమ నాశనం చేసింది. ఎంత మందు కొడితే దోమ అంత పెరిగింది. మందు అరువిచ్చిన కొట్టుకు, పెట్టుబడి పెట్టిన వ్యాపారికి, కౌలు ముందే తీసుకున్న ఆసామికి మాత్రం లెక్కలో ఏ తేడా రాలేదు. ఆ రెండేళ్లలో ఎందరో పత్తిరైతులు ఆత్మహత్య చేసుకున్నారు. పత్రికలు వాళ్లను లెక్కపెట్టాయి, ప్రజాసంఘాలు నివేదికలు వేశాయి. ఆ లెక్కలో చేరనివాళ్లలో మా పెదనాన్న ఒకడు. ఆయన మందు తాగాడు, కాని బతికాడు.

ఇంటికి తెచ్చిన తర్వాత పెద్దవాళ్లు ఒక కథ అల్లారు. మందు కొట్టి చేతులు కడుక్కోకుండా అన్నం తిన్నాడని చెప్పారు. ఆత్మహత్యకు ప్రయత్నించడం అప్పటికి శిక్షాస్మృతి 309వ సెక్షన్ కింద నేరం. పోలీసుల భయం ఒకటి, ఆడపిల్లల పెళ్లిళ్ల భయం ఇంకొకటి. “కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుంది” అని మా నాయనమ్మ అందరి నోళ్లూ మూసింది. పెదనాన్నను ఎవరూ ఏమీ అడగలేదు. ఆయనా ఎవరికీ ఏమీ చెప్పలేదు. ఆ మౌనాన్ని మేము మర్యాద అనుకున్నాం. తెలుగు ఎం.ఏ. చదివి, అవ్యక్త వేదన గురించి పరీక్షలో పేజీలకు పేజీలు రాసిన నేనూ ముప్పైయేళ్లపాటు అలాగే అనుకున్నాను. నా చదువు గురించి నేను చెప్పుకోవలసిన మొదటి లోపం యిదే.

రెండవ లోపం నా ఒక్కడిది కాదు, మన సాహిత్యానిది. తెలుగు రచయితలు మనసు గురించి రాయలేదని ఎవరూ అనలేరు. 1940ల్లో వచ్చిన గోపీచంద్ ‘అసమర్థుని జీవయాత్ర’ను మన మనోవైజ్ఞానిక నవలకు ఆద్యంగా పాఠాల్లో చెబుతున్నాం. గోపీచంద్ పుట్టింది తెనాలి దగ్గరి అంగలకుదురులో. పల్నాడుకు అదేమీ పరాయి నేల కాదు. సీతారామారావు పతనానికి గల సామాజిక మూలాలను, చితికిపోతున్న ఒక వర్గం అహంకారాన్ని ఆ నవల గొప్పగా పట్టుకుంది. కాని సీతారామారావు యాత్ర శ్మశానంలో ముగుస్తుంది. మనసు చెదిరిన మనిషిని మన కథ ఎక్కువగా రెండు పనులకే వాడుకుంది. సమాజం మీద నేరారోపణ చేయడానికి సాక్ష్యంగా వాడుకుంది, లేదా ముగింపుకు విషాదంగా వాడుకుంది. తిరిగి లేచి, పక్కవాడి దగ్గర కూర్చుని “నాకూ అట్లాగే అయింది” అని చెప్పే మనిషి మన సాహిత్యంలో ఎంత అరుదో విద్యార్థులు వెతికి చూడవచ్చు. మన వాడుకలో “ఎర్రగడ్డకు పంపాలి” అనే మాట ఇప్పటికీ తిట్టుగానే మిగిలింది. అక్కడినుంచి తిరిగివచ్చినవాడికి ఒక పేరైనా లేదు.

ఇవాళ ఆ మనిషికి ప్రపంచమంతటా ఒక స్థానం వచ్చింది. మానసిక వ్యాధిని అనుభవించి కోలుకున్నవాడు అదే వ్యాధిలో ఉన్న మరొకరికి ఆసరాగా నిలబడే పనిని పీర్ సపోర్ట్ అంటున్నారు. తోటిబాధితుడి ఆసరా అని మనం చెప్పుకోవచ్చు. ఇది నిన్నమొన్న పాశ్చాత్య దేశాల్లో పుట్టిన సంస్కరణ అని కొందరు, వైద్యశాస్త్రం పేదవాళ్లకు దయతో విదిల్చిన కానుక అని కొందరు అనుకుంటున్నారు. చరిత్ర చూస్తే రెండూ నిజం కావు.

ఫ్రెంచి విప్లవకాలం నుంచి మొదలుపెడదాం. 1793లో పారిస్ దగ్గరి బిసెత్ర్ ఆసుపత్రికి ఫిలిప్ పినెల్ వైద్యుడిగా వచ్చాడు. గొలుసుల్లో ఉన్న పిచ్చివాళ్లను ఆయన విడిపిస్తున్నట్టు తర్వాతి చిత్రకారులు పెద్ద పెద్ద పటాలు గీశారు. ఆధునిక మనోవైద్యానికి అదే పుట్టుక అని పుస్తకాలు చెప్పాయి. కాని బిసెత్ర్‌లో గొలుసులు తీసినది 1797లో. అప్పటికి పినెల్ అక్కడ లేడు, 1795లోనే మరో ఆసుపత్రికి వెళ్లిపోయాడు. తీసినవాడు జాఁ బప్తిస్త్ పుస్సాఁ. ఒకప్పుడు తోళ్లు ఊనిన మనిషి. గండమాల వ్యాధితో అదే బిసెత్ర్‌లో రోగిగా చేరి, నయమై, అక్కడే పనికి కుదిరి, పిచ్చివాళ్ల వార్డుకు అధికారి అయ్యాడు. అతనికి వచ్చినది మనోవ్యాధి కాదన్నది నిజమే. అయినా అదే ఆవరణలో రోగిగా పడి ఉన్నవాడు. ఆ వార్డులో పరిచారకులుగా అతను ఏరుకున్నది కోలుకున్న రోగులను, కోలుకుంటున్న రోగులను. బాధ తెలిసినవాళ్లు కొట్టరు, ఎదురు తిరిగినా ఓర్చుకుంటారు అన్నది అతని అనుభవం నేర్పిన పాఠం. పినెల్ తన గ్రంథంలో ఈ సంగతి రాసుకున్నాడు, పుస్సాఁను మెచ్చుకున్నాడు. కనక తప్పు పినెల్‌ది కాదు. తోళ్లపనివాడి చేతి నుంచి ఘనతను తీసి వైద్యుడి చేతిలో పెట్టినది తర్వాతి తరాల భక్తి. గొలుసుల స్థానంలో పుస్సాఁ చేతులు బంధించే చొక్కాలు వాడాడన్నదీ మరువకూడదు. విముక్తి ఒక్క రోజులో, పటంలో చూపినంత అందంగా ఎప్పుడూ రాలేదు.

ఇది మనకు కొత్త సంగతి కాదు. పల్నాటి వీరచరిత్ర ద్విపద ప్రతిని 1911లో అక్కిరాజు ఉమాకాంతం ప్రకటించిన తర్వాత పండితలోకం దాన్ని గురించి వాదించుకుంది. ఆ కథను శతాబ్దాలుగా గొంతులో మోసినవాళ్లు దళిత గాయకులు. 1974లో జీన్ రోఘేర్ అనే అమెరికన్ పరిశోధకుడు వచ్చి అలిసెట్టి గాలెయ్య పాడిన కథను రికార్డు చేసి 1982లో పుస్తకంగా తెచ్చాకగాని చాలామంది చదువుకున్నవాళ్లకు ఆ గొంతు వినబడలేదు. అనుభవించినవాడి దగ్గర ఉన్నదాన్ని జ్ఞానం అనడానికి చదువుకున్న వర్గం ఎక్కడైనా ఆలస్యమే చేస్తుంది.

పుస్సాఁ తర్వాత బాధితులు తమంత తాము గొంతెత్తడం మొదలయింది. ఇంగ్లండులో ప్రధానమంత్రి కొడుకై ఉండి కూడా పిచ్చాసుపత్రిలో దెబ్బలు తిన్న జాన్ పెర్సివల్, తనలాంటి మరికొందరితో కలిసి 1845లో ఒక సంఘం పెట్టాడు. 1908లో అమెరికాలో క్లిఫర్డ్ బీర్స్ తన ఆసుపత్రి అనుభవాలను పుస్తకంగా రాశాడు. మరుసటి ఏడాదే ఆ పుస్తకం ప్రభావంతో మానసిక ఆరోగ్యానికి జాతీయ సంఘం ఏర్పడింది. 1978లో జూడీ చేంబర్లిన్ రోగులే నడుపుకునే కేంద్రాలు కావాలని పుస్తకం రాసింది. 1999లో జార్జియా రాష్ట్రం తోటిబాధితుల పనికి ప్రభుత్వ ఆరోగ్య పథకం నుంచి డబ్బు చెల్లించడం మొదలుపెట్టింది. సేవ అన్నది అప్పటికి కూలి ఉన్న శ్రమగా గుర్తింపు పొందింది. ఈ చరిత్రలో పుస్తకాల పాత్ర ఎంత ఉందో రచయితలమైన మనం ప్రత్యేకంగా గమనించాలి. బీర్స్ ముందు రాశాడు, సంఘం తర్వాత వచ్చింది.

మన దేశంలో చట్టం పోలీసు భాషతో మొదలయింది. 1912 నాటి ఉన్మాదుల చట్టం మేజిస్ట్రేటు ఉత్తర్వుతో మనిషిని ఆశ్రమానికి పంపేది. స్వాతంత్ర్యం వచ్చిన నలభై ఏళ్లకు, 1987లో, దాని స్థానంలో కొత్త చట్టం చేశారు. పల్నాడులో పత్తి మాడిన ఏడాదీ అదే. ఆ చట్టం అమలుకు వచ్చేసరికి 1993 అయింది. ఈ లోపల వేరే దారి చూపినవాళ్లు లేకపోలేదు. 1950ల్లో అమృత్‌సర్ మానసిక వైద్యశాలలో డాక్టర్ విద్యాసాగర్ ఆసుపత్రి ఆవరణలో డేరాలు వేయించి, రోగులతో పాటు వాళ్ల కుటుంబాలను అక్కడే ఉంచాడు. గోడ లోపల ఒంటరిగా నయం కాని మనిషి తనవాళ్ల మధ్య తేరుకుంటాడని చేసి చూపించాడు. అది అన్ని చోట్లకూ పాకలేదు. 2001 ఆగస్టు 6 తెల్లవారుజామున తమిళనాడులోని ఏర్వాడిలో దర్గా దగ్గర నడుస్తున్న ఒక ప్రైవేటు ఆశ్రయంలో పాకకు నిప్పంటుకుంది. మంచాలకు గొలుసులతో కట్టి ఉన్న 28 మంది మరణించారు. బిసెత్ర్‌లో గొలుసులు తీసి అప్పటికి రెండు వందల ఏళ్లు దాటింది.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2018 మే 29న అమలుకు వచ్చింది. గొలుసు వేయడాన్ని పూర్తిగా నిషేధించింది. ఆత్మహత్యకు ప్రయత్నించినవాణ్ణి నేరస్థుడుగా కాక, తీవ్రమైన ఒత్తిడిలో ఉన్న మనిషిగా చూడాలన్నది. 2024 జూలై 1న అమలైన కొత్త శిక్షాస్మృతిలో పాత 309వ సెక్షన్ లేదు. మానసిక ఆరోగ్య అథారిటీల్లో ఆ వ్యాధిని అనుభవించినవాళ్ల ప్రతినిధులకు స్థానం కల్పించడం యీ చట్టంలోని అసలు మలుపు. 1912లో విచారణకు నిలబెట్టిన మనిషి ఒక శతాబ్దం తర్వాత నిర్ణయాలు చేసే బల్ల దగ్గరకు వచ్చాడు. బల్ల దగ్గర కుర్చీ వేసినంత మాత్రాన మాట చెల్లుతుందని కాదు. కాని కుర్చీ లేకుండా అసలే చెల్లదు.

చట్టం పక్కన ఆచరణ కూడా కదిలింది. 2014-16 మధ్య గుజరాత్‌లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కార్యక్రమం కింద ఆరు ప్రభుత్వ మానసిక వైద్య సంస్థల్లో రోగుల హక్కుల పని జరిగినప్పుడు, కోలుకున్నవాళ్లను తోటిరోగులకు ఆసరాగా నిలిపారు. మన రాష్ట్రంలో పశ్చిమ గోదావరి జిల్లా పల్లెల్లో జార్జ్ ఇన్‌స్టిట్యూట్ 2014 తర్వాత చేపట్టిన పనిలో ఆశా కార్యకర్తలు ఇంటింటికీ వెళ్లి దిగులు, ఆందోళన ఉన్నవాళ్లను గుర్తించారు. ఊళ్లో సిగ్గు పోగొట్టడానికి వాళ్లు ఎంచుకున్న సాధనాలు మనకు ఆసక్తి కలిగించాలి. వ్యాధిని అనుభవించిన మనిషి తన కథ చెప్పే వీడియో ఒకటి, నాటకం ఒకటి. ప్రజానాట్యమండలి పుట్టిన నేల మీద వైద్య పరిశోధకులు నాటకం దగ్గరకు వచ్చారు. మన నాటకకర్తలు ఆ పల్లెల దగ్గరకు ఎప్పుడు వెళతారు?

ఇంకో దూరదేశపు ఉదాహరణ చెబుతాను. అది మన మాటకు చాలా దగ్గరగా ఉంది. జింబాబ్వేలో మానసిక వైద్యులు వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది. అక్కడ డిక్సన్ చిబాండా అనే వైద్యుడు 2006లో హరారేలోని ఒక పేదపేటలో 14 మంది అవ్వలకు శిక్షణ ఇచ్చి, ఆసుపత్రి ఆవరణలో బెంచీల మీద కూర్చోబెట్టాడు. వచ్చినవాళ్ల బాధ వాళ్లు వింటారు. దానికి వాళ్లు ఇంగ్లీషు పేరు పెట్టలేదు. ‘కుఫుంగిసిస’ అన్నారు. అతిగా ఆలోచించడం అని షోనా భాషలో దాని అర్థం. 2016లో 24 ఆసుపత్రుల్లో 573 మందితో చేసిన పరీక్ష, యీ బెంచీ దగ్గర కూర్చున్నవాళ్లు మామూలు వైద్యం పొందినవాళ్లకంటే బాగా తేరుకున్నారని చూపింది. మా ఊళ్లో ముసలమ్మలు యీ బాధను “మనేద” అంటారు. “వాడికి మనేద పట్టింది” అంటే నిందా లేదు, భయమూ లేదు. పేరు మన దగ్గరే ఉంది. లేనిది బెంచీ.

ఆ బెంచీని నేను ఒకసారి మా వీధిలోనే చూశాను. 2021-22లో మిరపను నల్లతామర తినేసింది. మా వీధి చివరి ఇంట్లో ఒక కుర్ర కౌలురైతు మందు తాగి, ఆసుపత్రిలో పదిరోజులు ఉండి, బతికి వచ్చాడు. ఊరు మళ్లీ పాత కథే అల్లుకుంది. మూడోనాడు పొద్దున పెదనాన్న కండువా వేసుకుని ఆ ఇంటికి వెళ్లాడు. అప్పటికి ఆయనకు డెబ్భై. తోడుగా నేనూ వెళ్లాను. ఎందుకు చేశావని ఆయన అడగలేదు. పిల్లల ముఖం చూసుకోవాలి గదా అని బుద్ధి చెప్పలేదు. అరుగు మీద కూర్చుని చాలాసేపటికి ఒక్క మాట అడిగాడు.

“మంచానికి కట్టేశారా అబ్బాయ్?”

ఆ కుర్రాడు తల ఎత్తి చూశాడు.

“నన్నూ కట్టేశారు. సూదులు చేశాక మడిసికి మతి ఉండదు. పీకి పారేస్తామని చేతులు కడతారు. అది నీ పిచ్చి కాదు, ఆ సూదిమందు పని. దానికి సిగ్గుపడబాక.”

ఆ కుర్రాడు ఏడవడం మొదలుపెట్టాడు. పురుగుమందు విషానికి విరుగుడుగా ఇచ్చే మందు ఎక్కువైనప్పుడు రోగికి భ్రాంతి కలుగుతుందని, నోరెండిపోతుందని, పెనుగులాడతాడని వైద్యులకు తెలుసు. కాని నాలుగు రోజులు మంచానికి కట్టుబడి, లేనివాళ్లతో మాట్లాడినవాడు, తనకు నిజంగానే పిచ్చి ఎక్కిందనుకుని ఇంటికి వస్తాడని ఎవరికి తెలుసు? దాన్ని దాటి వచ్చినవాడికి తెలుసు. ముప్పైయైదేళ్లు ఆయన ఆ ఒక్క సంగతీ కడుపులో పెట్టుకుని తిరిగాడని నాకు ఆ పొద్దున అర్థమయింది. తర్వాత నెలరోజులు రోజూ వెళ్లి కూర్చున్నాడు. తెల్లవారుజామున మెలకువ వస్తే ఏం చేయాలో చెప్పాడు. అప్పులవాళ్లు వచ్చిన రోజున పక్కనే ఉన్నాడు. పెద్దాసుపత్రిలో మానసిక వైద్యుడి దగ్గరకు బస్సులో తీసుకువెళ్లింది కూడా ఆయనే. తోటిబాధితుడు వైద్యుడికి పోటీ అనేవాళ్లు యీ సంగతి గమనించాలి. ఆ గుమ్మం దాకా నడిపించింది తోటివాడే.

ఇక్కడ అభ్యుదయవాదులు వేసే ప్రశ్నను దాటవేయరాదు. రైతు చావుకు మూలం మనసులో ఉందా, మార్కెట్లో ఉందా? గిట్టుబాటు ధర ఇవ్వని ప్రభుత్వం ఓదార్పు ఇస్తే చాలునా? చాలదు. శ్రీలంకలో 1990ల తర్వాత ఆత్మహత్యలు మూడింట రెండు వంతులకు పైగా తగ్గాయి. అందులో ప్రధాన కారణం ప్రమాదకరమైన పురుగుమందులను వరసగా నిషేధించడం. ఇది విధానం చేసిన పని, ఓదార్పు చేసినది కాదు. మన దగ్గర 2004లో వచ్చిన జి.ఓ. 421 చనిపోయిన రైతు కుటుంబానికి లక్ష రూపాయలు, అప్పు తీర్చడానికి మరో యాభై వేలు ప్రకటించింది. తర్వాత ఆ మొత్తం పెరిగింది. కాని కౌలురైతు తాను రైతునని కాగితంతో రుజువు చేసుకోవాలి. 2019 నాటి సాగుదారుల హక్కుల చట్టం ఆ కాగితానికి భూయజమాని సమ్మతిని షరతు చేసింది. సాయం చనిపోయినవాడికే, అదీ రుజువైతేనే. బతికి వచ్చినవాడికి జీవోలో ఒక్క వాక్యం లేదు. అంటే వీరగల్లు నిలబెట్టిన సమాజమూ, జీవో రాసిన ప్రభుత్వమూ ఒకే లెక్క లెక్కపెడుతున్నాయి.

అంచేత తోటి ఆసరాను ధరకు, రుణానికి, భూమికి బదులుగా చూపించే ఎత్తుగడను మనం వ్యతిరేకించాలి. దాన్ని జీతం లేని సేవగా, చవక వైద్యంగా మార్చడాన్నీ వ్యతిరేకించాలి. ఆశా కార్యకర్తలు గౌరవవేతనం కోసం ఎన్నిసార్లు రోడ్డెక్కారో చూశాం. 2022 అక్టోబరు 10న ప్రారంభమైన టెలీ మానస్ 14416 నంబరుకు ఫోను చేస్తే తెలుగులోనూ మాట్లాడేవాళ్లున్నారు. అది మంచిదే, ఆ నంబరు బడిగోడల మీద రాయించాలి. కాని ఫోను పెట్టేశాక అరుగు మీద ఎవరు కూర్చుంటారు? ఆ కూర్చునే మనిషికి శిక్షణ, కూలి, వైద్యుడి అండ, అలసినప్పుడు సెలవు కావాలి. పక్కవాడి చీకటిని రోజూ వినేవాడికి తన చీకటి తిరగబెట్టవచ్చు. మా పెదనాన్న ఆ నెలలో రెండు రాత్రులు నిద్రపోలేదు.

అలాగని మార్కెట్టు మారేదాకా మనిషిని గుహలో వదిలెయ్యమనడం కూడా అభ్యుదయం కాదు. నిజానికి తోటిబాధితుడి మాటలోనే రాజకీయం ఉంది. “నాకూ అట్లాగే అయింది” అని రెండోవాడు అన్న క్షణంలో అది ఒకడి చేతగానితనం కాకుండా పోతుంది. పదిమంది అన్నప్పుడు దాని కారణం బయట ఎక్కడుందో కనబడుతుంది. పెదనాన్న, ఆ కుర్రాడు నెల చివర మాట్లాడుకున్నది మనసు గురించి కాదు, కౌలు గురించి.

బ్రహ్మనాయుడు యుద్ధంలో సంపాదించిన కీర్తి కంటే చాపకూటితో సంపాదించినది పెద్దదని మనం పిల్లలకు పాఠం చెబుతాం. అన్ని కులాలవాళ్లూ ఒకే చాప మీద కూర్చుని తినడం ఆ కాలానికి ఎంత ధిక్కారమో చెబుతాం. చాప మీద ఎత్తు ఉండదు. వైద్యుడి కుర్చీకి, రోగి మంచానికి మధ్య ఉన్న ఎత్తు అరుగు మీద లేదు. పల్నాడుకు తెలియని విద్య కాదిది, వాడకుండా వదిలేసిన విద్య.

పోయిన ఏడాది పెదనాన్న వృద్ధాప్యంతో కన్నుమూశాడు. ఆయన చెప్పినవి కొన్ని నా నోటుపుస్తకంలో ఉన్నాయి. ముప్పైయైదేళ్లకు సరిపడా లేవు, నేను అడగడం ఆలస్యమయింది. సాహిత్య విద్యార్థులు యుద్ధగాథల మీద, వీరగల్లుల మీద సిద్ధాంతగ్రంథాలు రాస్తూనే ఉన్నారు, రాయవలసిందే. దానితోపాటు మీ మీ ఊళ్లలో బతికి వచ్చినవాళ్ల దగ్గరకు, వాళ్లు ఒప్పుకుంటేనే, పేర్లు బయటపెట్టకుండా, వెళ్లి కూర్చోండి. ఎందుకు చేశావని అడగవద్దు. ఎట్లా తిరిగొచ్చావని అడగండి.